మందం చూసి రేడియేటర్ కొనకండి

అమెరికాలో ఉన్న మన సంఘం పిల్లలు కొందరు పాత మాజ్దా మియాటా కొని, మొట్టమొదట మందపాటి అల్యూమినియం రేడియేటర్ వేయిస్తున్నారు. మేము ఒప్పుకోము. 1989లో వచ్చిన ఆ కారు రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్‌ది. నల్లగా ఉన్నది గోధుమరంగుకు తిరిగితే పగిలే రోజు దగ్గరపడినట్టే, మార్చాల్సిందే. దానికి మందం ఎందుకయ్యా?

వేడిని తీసుకుపోయేది గాలి. మేము రైల్వేలో గుమాస్తాలమే, అయినా డీజిల్ ఇంజను రేడియేటర్‌కు అంత పెద్ద ఫ్యాన్ ఎందుకో చూసినవాళ్ళం. మియాటా కింద ఉండాల్సిన రేకు ఊడిపోయి, పక్క సందుల్లోంచి గాలి జారిపోతుంటే, ఎంత మందం పెట్టినా దండగే. మందం పెరిగేకొద్దీ గాలి దూరడమూ కష్టం. ముందు ఆ సందులు మూయండి. పైగా థర్మోస్టాట్ తెరుచుకునేదే 88 డిగ్రీల దగ్గర; పెద్ద రేడియేటర్ వేసినంత మాత్రాన ఇంజను అంతకన్నా చల్లగా నడవదు.

టర్బో పెట్టినవాళ్ళు, ట్రాకులో తిప్పేవాళ్ళు మందంది కొనుక్కోనీ, కాదనము. ఆఫీసుకు పోయి వచ్చే అబ్బాయికి పాత కొలత రేడియేటర్, మంచి మూత, కొత్త గొట్టాలు, కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ చాలు. మిగిలిన డబ్బుతో టైర్లు కొనుక్కోమనండి.