మిగిలింది కాదు, కావలసింది

పోయిన నెలలో ఒక ఆదివారం చిట్టమూరులోని మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. మా అత్తనూ పిల్లలనూ వెంటబెట్టుకుని నేనూ మా ఆయనా ఊళ్ళోని టిఫిను హోటలుకు వెళ్ళాం. అప్పటికి పదిన్నర అయింది. టిఫిను వేళ దాటింది, అన్నం వేళ కాలేదు. పట్నాల్లో దీన్ని బ్రంచ్ అంటున్నారు. డెబ్బై ఏళ్ళ మా అత్త హోటల్లో కూర్చుని తినడం మాత్రం అదే మొదటిసారి.

ఆమెకు హోటలు తెలియక కాదు. పిల్లలకు జ్వరమొస్తే ఇడ్లీ పొట్లం కట్టించుకుని, గుమ్మం దగ్గరినుంచే తిరిగి వచ్చేది. ఆడది హోటల్లో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారోనని భయం. ఆ రోజు కూడా గోడవైపు తిరిగి కూర్చుంది. ఏం కావాలని సర్వరు మా ఆయన్ని అడిగాడు, ఆయన పిల్లల్ని అడిగాడు. అత్త వంతు వచ్చేసరికి, "నాకేం వద్దు నాయనా, మీరు మిగిల్చింది తింటాలే" అంది.

నాకు ముద్ద దిగలేదు. డబ్బిచ్చి తినే చోట కూడా మిగిలిందే తినాలన్న బుద్ధి ఎవరు నేర్పారు? అందరికీ వడ్డించి, ఆఖరున గిన్నె అడుగున ఉన్నది తినే ఆడదాన్ని మనం ఉత్తమురాలని మెచ్చుకుంటాం. ఆ మెప్పుకు మన ఒంట్లో రక్తమే మూల్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. బహిష్టులూ కాన్పులూ దీనికి కారణాలే. చాలీచాలని తిండి కూడా కారణమే.

కులం వల్ల గానీ, స్త్రీ అయినందువల్ల గానీ ఎవరినీ హోటల్లోకి రాకుండా ఆపరాదని మన రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. చట్టం తలుపు తెరిచింది. లోపలి గడియ మాత్రం మన మనసుల్లో ఉండిపోయింది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. అంతటి పోరాటం నడిపిన నెల్లూరు గడ్డ మీద పుట్టిన మనం హోటలు బల్ల ముందు జంకడమేమిటి?

బిల్లు కడుతూ మా ఆయన, "ఈ పూటకు మీకు సెలవిచ్చాను" అని నవ్వాడు. సెలవు ఇవ్వడానికి ఈయనెవరు? 2019 కాలవినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నట్టు తేలింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి కేసులో ఇవే అంకెలను పేర్కొంటూ, ఇంటి చాకిరీకి విలువ కట్టాల్సిందేనంది. ఆ తీర్పులో భాగంగా ఈ మాటలు రాసిన న్యాయమూర్తి మన తెలుగువారైన ఎన్.వి. రమణ.

అయితే హోటలుకు పోవడమొక్కటే మార్గం కాదు. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళితే, గిన్నెల గుట్ట ముందు ఒకామె కూర్చుని తోముతోంది. నా పొయ్యి ఆరిన పూట ఇంకో ఆడమనిషి నడుం విరుగుతోంది. ఆమె కూలి గురించీ, ఆమె సెలవు గురించీ కూడా మనం మాట్లాడాలి. నా ఇంటి పని ఇంకో ఆడదాని మీదికి కాక, ఇంట్లోని మగవాళ్ళ చేతుల్లోకీ వెళ్ళాలి.

ఇంటికొచ్చేసరికి రాత్రి గిన్నెలు అట్లాగే ఉన్నాయి. మా ఆయన్నీ కొడుకునూ పిలిచి పీచు చేతికిచ్చాను. గొణుగుతూనే తోమారు. అప్పటినుంచి ఆదివారం గిన్నెలు వాళ్ళవే. ఇది చాలదు, మొదలు మాత్రమే.

ఇంతకీ హోటల్లో మా అత్త ఏం తిందో చెప్పలేదు కదూ. ఆమె నోటితో ఆమే చెప్పేదాకా సర్వరును కదలనివ్వలేదు నేను. చాలాసేపు ఆలోచించి, "కారం దోసె, వేడిగా" అంది. అందరికీ పెనం మీదినుంచి వేసి పెట్టి, చల్లారినదే తిన్న మనిషి ఆమె. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దామెను అడిగి చూడండి, ఆమెకేం కావాలో. జవాబు వచ్చేదాకా ఆగండి.