ఊడ్పులు గుత్తకిచ్చినట్టు

మొదటి ఏడాది జూన్‌లో నేను గోడకి అంటించిన చార్టు ఇంకా అటక మీదే ఉంది. 9 నుంచి 3:30 దాకా 40 నిమిషాల పీరియడ్లు, మధ్యలో ఇంటర్వెల్, శుక్రవారం చివర డ్రాయింగు. స్కెచ్ పెన్నులతో గళ్లు గీసి రంగులు కూడా వేశాను. పిల్లల్ని బడి మాన్పించిన మనిషిని ఇంట్లో ఇంకో బడి కట్టుకుని కూర్చున్నాను, గంట కొట్టే ప్యూను ఒక్కడే తక్కువ. ఆ చార్టు పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు పనమ్మాయి రాలేదు, ఆ మర్నాడు గ్యాస్ బండ అయిపోయింది, దాంతో సోషల్ పీరియడ్ ఎటుపోయిందో ఎవరికీ తెలీదు.

బడి ఎందుకు మాన్పించామన్నది వేరే కథ, ఇక్కడ వద్దు. మాది రాజమండ్రి. పెద్దదానికి పదకొండేళ్లు, చిన్నాడికి ఎనిమిది. మా సంగతి తెలిశాక చుట్టాలు అడిగేవి రెండే ప్రశ్నలు. "మరి టెన్త్ ఎలాగ?" అన్నదానికి జవాబు తేలిక. 14 ఏళ్లు నిండితే ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టి రాయొచ్చు, కేంద్రానిది ఎన్‌ఐఓఎస్ ఉంది, రాష్ట్రానికీ ఒకటి ఉంది. "మరి రోజంతా పక్కన ఎవరు కూర్చుంటారు?" అన్న రెండో ప్రశ్నకి జవాబు దొరకడానికే నాకు రెండేళ్లు పట్టింది. అది కూడా నాకు దొరకలేదు, మా అత్తగారు చెప్పారు.

ఆవిడ చెప్పిన రోజు పెద్దదానికి ఆరు భిన్నాల లెక్కలు ఇచ్చాను. 9కి కూర్చున్న పిల్ల 11కి నాలుగో లెక్కలో ఉంది. పెన్సిల్ చెక్కింది. ఆ పొట్టుని పువ్వులా పేర్చింది. మంచినీళ్లకని లేచి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడింది. నేను వంటింట్లోంచి అరుస్తున్నాను, అది "చేస్తున్నానమ్మా" అంటోంది. వరండాలో మునగాకు దూస్తున్న అత్తయ్యగారు తలెత్తకుండానే అన్నారు: "నీ కూతురు రోజు కూలికొచ్చినట్టు చేస్తోందే అమ్మాయ్. గుత్తకిచ్చి చూడు."

ఆవిడ కోనసీమలో నలభై ఏళ్లు ఊడ్పులు చేయించిన మనిషి. రోజు కూలికి పిలిస్తే సాయంత్రం దాకా చేలో ఉండాల్సిందే, కాబట్టి చెయ్యి నెమ్మదిస్తుంది. తొందరగా ముగిస్తే ఆసామి పక్క చేలోకి పొమ్మంటాడు. ఎకరానికి ఇంత అని గుత్తకి మాట్లాడుకుంటే, అదే ముఠా తెల్లారకముందే దిగి మధ్యాహ్నానికి కాళ్లు కడుక్కుని ఇంటికెళ్తుంది.

నాకు చురుక్కుమంది. పక్క చేలోకి పొమ్మనే ఆసామిని నేనే. ఆరు లెక్కలు అరగంటలో చేసేస్తే "అరె, బాగా చేశావే, ఇంకో నాలుగు చెయ్యి" అనేదాన్ని. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. దానికి మాత్రం తొందరగా చేస్తే ఇంకాస్త పని మీద పడుతుందని నెలలోనే అర్థమైపోయింది. బడిలో ఎంత విసుగున్నా నాలుగు గంటలకి బెల్లు కొడతారు. మా ఇంట్లో అదీ లేదు.

ఆ రాత్రి అటక మీది శుభలేఖల కట్ట దింపాను. మందపాటి అట్టలు, వెనక అంతా తెలుపు. ఒక్కోదాన్ని నాలుగేసి ముక్కలు చేశాను. ముక్కకి ఒక పని. పెద్దదానికి రోజుకి ఆరు, చిన్నాడికి నాలుగు. రాత్రి పడుకునే ముందు వాళ్ల వాళ్ల బిస్కెట్ డబ్బాల్లో పెడతాను. ఏ వరసలో చేస్తారో వాళ్లిష్టం. అయిన అట్ట వెదురుబుట్టలో పడుతుంది. డబ్బా ఖాళీ అయితే ఆ రోజు చదువు అయిపోయినట్టే, పొద్దున్న పదికైనా సరే. మధ్యలో నేను కొత్తది వెయ్యకూడదు.

ఆ అట్ట మీద ఏం రాస్తామన్న దాంట్లోనే ఉంది కష్టమంతా. "లెక్కలు చెయ్యి" అని రాస్తే పిల్లకి దాని ఒడ్డు కనపడదు. "43వ పేజీ, 1 నుంచి 6" అని రాయాలి. "చదువుకో" అనకూడదు, "కథ చదివి మామ్మకి చెప్పు" అనాలి. చిన్నపిల్లల పాఠం 20 నిమిషాలు దాటకూడదని, చదివింది వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించాలని ఇంగ్లండులో షార్లట్ మేసన్ అనే ఆవిడ నూరేళ్ల కిందటే చెప్పి వెళ్లింది. ఆవిడ 1923లో పోయింది. మామ్మ సగం కథలో కునుకు తీస్తే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. మా చిన్నాడు మళ్లీ మొదటినించీ చెప్తాడు.

నేను పక్కనుండాల్సిన పనులకి అట్ట మూల ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటిస్తాను. అవి ఉన్న రోజు 11 గంటలకి, ఇద్దరం కూర్చుని. బొట్టు లేనివాటికి నన్ను పిలవకూడదు. ఎక్కడైనా చిక్కుకుంటే ఆ అట్టని కిటికీకి కట్టిన తాడుకి బట్టల క్లిప్పుతో తగిలించి ఇంకోదాంట్లోకి వెళ్లిపోవాలి. మొదట్లో నేనే తప్పు చేశాను. రెండంకెల భాగహారం అంతకుముందు రోజే నేర్పి, బొట్టు లేకుండా ఇచ్చేశాను. "అమ్మా" అన్న కేక, మాడిన తాలింపు వాసన ఒకేసారి వచ్చాయి. వారం పాటు నా కళ్లముందు తప్పుల్లేకుండా చేసిందే ఒంటరి పని అవుతుంది. అప్పుడే నేర్చుకున్నది పెట్టి "నువ్వే చేసుకోవాలి, పెద్దదానివయ్యావు" అంటే ఏడిపించడమే.

మొదటి రోజు చిన్నాడు 10:10కి వచ్చి ఖాళీ డబ్బా చూపించాడు. "ఇంకేం లేవా?" అన్నాడు. లేవన్నాను. నమ్మలేదు. అయిదు నిమిషాలకి మళ్లీ వచ్చి డబ్బాలోకి తొంగిచూసుకుని వెళ్లాడు. అల్మరాలో వర్క్‌బుక్కు కనపడుతూనే ఉంది, నా చెయ్యి దురద పెడుతూనే ఉంది.

గుత్త పనికి ఓ తెగులుంది, అది మూడో రోజుకే తగిలింది. చూచిరాతలో ఒత్తులు ఎగిరిపోయాయి, పెద్దది వెనక పేజీలో జవాబులు చూసి వేసేసుకుంది. అత్తయ్యగారు నవ్వారు. "గుత్తకిస్తే కుదుళ్లు దూరం దూరం వెయ్యరూ? ముఠా చెయ్యి కడుక్కోకముందే గట్టు మీద నడవాలి." ఇప్పుడు నేను రోజుకి ఒక్కసారే నడుస్తాను, బొట్టు అట్టలకి ముందు. జవాబుల పేజీ దాని దగ్గరే ఉంచాను, దిద్దుకోవాల్సింది అదే కాబట్టి. నేను ఏదో ఒక లెక్క మీద వేలు పెట్టి "ఇది ఎలా వచ్చింది?" అంటాను. చెప్పలేకపోతే ఆ ఒక్కటీ అక్కడే మళ్లీ. పలచబడ్డ చోటే నారు పెట్టిస్తారుగానీ చేనంతా దున్నరు కదా.

ఈ అట్టల సంగతి నా తెలివే అనుకుని కొన్నాళ్లు మురిసిపోయాను. తీరా చూస్తే, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరే ఉండే బళ్ల కోసం ఎప్పుడో పాఠ్యపుస్తకాలు విప్పి కార్డులు చేసేశారు. గోడ మీద నిచ్చెన, మెట్టు మెట్టుకీ ఒక గుర్తు. పిల్లాడు తను ఏ మెట్టు మీదున్నాడో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తనే తీసుకుని వెళ్లి కూర్చుంటాడు. తర్వాత తమిళనాడు సర్కారు బళ్లకీ ఆ పద్ధతి పాకింది. నాకు అందులో బాగా నచ్చింది వేరే. వేరుశనగ పీకుళ్లకని వారం మానేసిన పిల్లాడు తిరిగొచ్చి, ఆగిన మెట్టు దగ్గరే అందుకుంటాడు. తరగతి అతన్ని వదిలేసి వెళ్లిపోదు. పెళ్లికని వారం ఊరెళ్లొచ్చాక మా డబ్బాలు తెరిస్తే, వెళ్లేముందు పెట్టిన అట్టలు అలాగే ఉన్నాయి.

బడికెళ్లే పిల్లల అమ్మానాన్నలు ఇది మాకెందుకు అనుకోవచ్చు. సాయంత్రం 6 నుంచి 9 దాకా పిల్లల పక్కన కూర్చునేది వాళ్లే. హోంవర్కు 7కే అయిపోతే తర్వాతి రెండు గంటలు ఏమిటన్నది వాళ్ల ఇంట్లో ఎవరైనా ముందే చెప్పారా? ఇంటర్లో నేనున్న హాస్టల్లో స్టడీ అవర్ అంటే రాత్రి 10 దాకా. చదవడం అయిపోయినా లేవకూడదు. కెమిస్ట్రీలో ఒకే పేజీ తెరిచి గంటన్నర కూర్చునేదాన్ని, వార్డెన్ చెప్పుల చప్పుడు వినపడితే పెదాలు కదిపేదాన్ని. చదువుతున్నట్టు కనపడే విద్య అక్కడే వచ్చింది, అది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. పిల్లలకి ఏకాగ్రత లేదని గోలపెట్టే ముందు, పని అయిపోతే లేచిపోయే హక్కు వాళ్లకి ఎక్కడుందో చూడాలి.

మా ఇంట్లో అంతా సవ్యంగా ఉందని చెప్పను. పెద్దది హిందీ అట్టని నాలుగు రోజులుగా తాడుకే తగిలిస్తోంది. చిక్కుముడి ఏమీ లేదందులో, పది మాటలు రాయాలంతే. క్లిప్పు పెట్టింది నేనే కాబట్టి పెదవి విప్పలేకపోతున్నాను. పొలంలో ఇలాంటివాటిని ఏం చేసేవారని అత్తయ్యగారిని అడిగాను. మునగాకు దూయడం ఆపకుండానే, "గట్టు వార తుంగ మేమూ పీకేవాళ్లం కాదులే" అన్నారు.