రేసు కాదు, వేడిని గెలిచే విద్య కావాలి

మే నెల మధ్యాహ్నం అనంతపురం జిల్లా పామిడి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆగిన లారీల్లో ఒకటైనా ఇంజను హీటెక్కి ఆగినదే అయి ఉంటుంది. క్లీనర్ రేడియేటర్ జాలీకి పట్టిన దుమ్మునూ పురుగులనూ నీళ్లు కొట్టి కడుగుతుంటాడు. మూత మీద తడి గోనెపట్టా వేసి, కాసేపు ఆగి, మెల్లగా తిప్పుతాడు. తొందరపడితే మరిగిన నీళ్లు మొహాన కొడతాయని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. పక్కనే పెన్న ఇసుక మీద గాలి కూడా వేడిగానే వీస్తుంటుంది. ఫార్ములా వన్ జట్లు ఏటా కోట్ల డాలర్లు పోసి కుస్తీ పడుతున్న సమస్యల్లో ఒకటి అచ్చంగా ఇదే.

లెక్క చిన్నదే. లోపలి నీటికీ బయటి గాలికీ ఎంత తేడా ఉంటే రేడియేటర్ అంత వేడిని వదలగలదు. లారీలో నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. ఇంగ్లండులో బయట 15 డిగ్రీలుంటే తేడా 75. పామిడిలో 43 ఉంటే తేడా 47. అంతే వేడి బయటికి పోవాలంటే ఇక్కడ అటూఇటుగా ఒకటిన్నర రెట్లు గాలి కావాలి. పైగా వేడిగాలి పలచన. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 43 డిగ్రీల గాలి బరువు పదో వంతు దాకా తగ్గుతుంది. ఫార్ములా వన్ ఇంజనీర్లు ఒత్తిడి పెంచి నీటిని 120 డిగ్రీల దాకా మరగనీయకుండా నడిపేది ఈ తేడాను కొంతైనా కాపాడుకోవడానికే.

మరి గాలి దూరే కంతలు పెద్దవి చేస్తే సరిపోదా? అక్కడే వస్తుంది చిక్కు. మన జిల్లా కొండల మీద తిరిగే గాలిమరల రెక్కను పోలిన ఆకారాన్ని తిరగేసి బిగిస్తే అది రేసు కారు రెక్క అవుతుంది. గాలి దాన్ని పైకి లేపడానికి బదులు నేలకేసి నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్లే మలుపుల్లో టైర్లకు పట్టు. 2022 నుంచి 2025 దాకా నడిచిన నిబంధనల్లో ఈ నొక్కుడులో పెద్ద వాటా కారు అడుగుభాగానిదే. ఆ అడుగుకూ వెనక రెక్కకూ చెదరని గాలి అందాలి. రేడియేటర్ గుండా పోయిన గాలి మాత్రం వేగం చచ్చి, చెదిరి బయటపడుతుంది. అందుకే చల్లబరచడానికి తెరిచిన ప్రతి కంతకూ వేగంలో మూల్యం చెల్లించాల్సిందే. ఇంజను మూత మీద చేప మొప్పల్లా కనిపించే చీలికలు ఎన్ని ఉండాలో ఆ వారం ఎండను బట్టి తేలుస్తారు. ఎక్కువ చీలికలున్న మూతలూ తక్కువ చీలికలున్న మూతలూ గ్యారేజీలో సిద్ధంగా ఉంటాయి. 2,200 మీటర్లకు పైన ఉన్న మెక్సికో సిటీలో గాలి పలచన కాబట్టి కార్లు ఒళ్లంతా తెరుచుకుని పరిగెత్తుతాయి.

ఈ గొడవ ఎంతవరకు పోతుందో మెక్‌లారెన్ జట్టు కథ చూస్తే తెలుస్తుంది. 2022 ఫిబ్రవరిలో బార్సిలోనా చలిలో ఆ జట్టు కొత్త కారు చక్కగా తిరిగింది. అందరూ మెచ్చుకున్నారు. రెండు వారాలు గడిచాక బహ్రెయిన్ ఎండకు తీసుకెళ్లేసరికి ముందు బ్రేకులు కాగిపోయి, వరసగా ఎక్కువ రౌండ్లు తిప్పలేకపోయారు. బ్రేకులకు గాలి పంపే గొట్టాలను హడావిడిగా మార్చుకుని రేసులో దిగితే, డేనియల్ రికియార్డో పద్నాలుగో స్థానంలో, లాండో నోరిస్ పదిహేనో స్థానంలో తేలారు. 2023 మొదట్లోనూ ఆ జట్టు కారు వెనకబడే ఉంది. ఆ ఏడాది ఆస్ట్రియాలో పక్క డబ్బాల ఆకారమూ అడుగూ మార్చి నోరిస్‌కు ఇచ్చారు. అతను నాలుగో స్థానంలో నిలిచాడు. మరుసటి వారం సిల్వర్‌స్టోన్‌లో రెండో స్థానం. 2024లో, 1998 తర్వాత తొలిసారి, మెక్‌లారెన్ జట్ల టైటిల్ గెలిచింది. 2025లో మళ్లీ గెలిచింది.

2025లో ఆ కారుకున్న బలమేమిటని అడిగితే చాలామంది వేలు పెట్టి చూపింది వెనక టైర్లనే. బ్రేకుల వేడి చక్రం లోపల టైరుకు ఎక్కకుండా మళ్లించడంలో మెక్‌లారెన్ అందరికన్నా ముందుంది. పోటీ జట్లకు అనుమానం వచ్చింది. రేసులను నియంత్రించే అంతర్జాతీయ సమాఖ్య ఆ భాగాలను విప్పి చూసి, నిబంధనలకు లోబడే ఉన్నాయని తేల్చింది. అంతకు మూడేళ్ల ముందు బ్రేకుల వేడితో పరువు పోగొట్టుకున్న జట్టు, అదే చోట నుంచి కిరీటం తెచ్చుకుంది. అదృష్టం ఇలా రాదు. ఎండలో దెబ్బతిన్నాకే వాళ్లకు ఎక్కడ చదవాలో తెలిసిందని నా అభిప్రాయం.

కారు నమూనా మీద గాలి వదిలి పరీక్షించే విండ్ టన్నెల్లో ఈ వేడి చదువు పూర్తిగా దొరకదు. అక్కడ పెట్టేది 60 శాతం సైజు నమూనా. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు మించకూడదు. గెలిచిన జట్టుకు తక్కువ గంటలు, చివరి జట్టుకు ఎక్కువ గంటలు. అన్నిటికీ మించి ఆ నమూనాలో మండే ఇంజను ఉండదు. వేడి సంగతి చివరికి ఎండలోనే తేలాలి.

మనిషి సంగతీ అంతే. 2023లో ఖతర్ రేసులో ఎస్టెబాన్ ఓకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు. లోగన్ సార్జంట్ మధ్యలోనే దిగిపోయాడు. ఆ దెబ్బతో 2025 నుంచి ఎండ హద్దు దాటితే ‘వేడి ప్రమాదం’ ప్రకటించే నిబంధన తెచ్చారు. చన్నీటి గొట్టాలు కుట్టిన బనీను వేసుకునే ఏర్పాటు కార్లో ఉండాలి. ఆ ఏడాది సింగపూర్‌లో తొలిసారి దాన్ని ప్రకటించారు. మన దగ్గర లారీ డ్రైవర్ వంతు కూడా ఆలస్యంగానైనా వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పని. కాకపోతే సాధారణంగా ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందు ఉంటుంది. అప్పటికే 43 డిగ్రీలున్న గాలి అక్కడ ఇంకాస్త కాగి రేడియేటర్‌కు చేరుతుంది. రాయలసీమ ఎండలో ఈ లెక్క ఎవరు కడుతున్నారు?

తెలుగు నేల మీదికి ఫార్ములా రేసు రాకపోలేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల రోడ్డు మీద కరెంటుతో నడిచే ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఈ కార్లలో వెనక చక్రాలను మామూలుగా ఆపేది హైడ్రాలిక్ బ్రేకులు కావు, మోటార్లే కారును ఆపి కరెంటు వెనక్కి తెచ్చుకుంటాయి. పైతొడుగు అన్ని జట్లకూ ఒకటే. జట్ల తెలివంతా మోటారు, ఇన్వర్టర్, సాఫ్ట్‌వేర్లలో చూపించాలి. అంత చదువు మన దగ్గరికి వచ్చి ఓ రోజు ఉండి పోయింది. 2024 రేసు రద్దయింది, చెల్లింపుల వ్యవహారం ఏసీబీ కేసు దాకా పోయింది. తప్పెవరిదో కోర్టులు చూసుకుంటాయి. నాకు బాధ కలిగించేది మరొకటి. రేసు జరగాలా వద్దా అని అధికార, ప్రతిపక్ష పార్టీలు రెండూ గొంతు చించుకున్నాయి గానీ, దాన్నుంచి మన ఇంజనీరింగ్ పిల్లలకు ఏం మిగిలిందని అడిగినవాళ్లు తక్కువ. అదీకాక ఆ రేసు ఫిబ్రవరిలో పెట్టారు, మన ఎండ దానికి తగలనేలేదు.

పామిడి నుంచి అదే రహదారి మీద దక్షిణంగా నూరు కిలోమీటర్ల దూరంలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం ఉంది. 2019లో సెల్టోస్‌తో మొదలుపెట్టి 2023 జులైకల్లా పది లక్షల కార్లు దాటించింది. మధ్యలో అనంతపురంలో 1948 నుంచి ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ఇప్పుడది జేఎన్‌టీయూ. కార్లున్నాయి, చదువుకునే పిల్లలున్నారు, ఎండకు కొదవే లేదు. కేంద్రం వాహన పరీక్షా కేంద్రాల పథకం పెట్టినప్పుడు మానేసర్, చెన్నై, పీథంపూర్, పుణె, అహ్మద్‌నగర్, రాయ్‌బరేలీ, సిల్చార్ పేర్లు జాబితాలోకి ఎక్కాయి. తెలుగు ఊరు ఒక్కటీ లేదు.

రేసు ట్రాకు కట్టమని నేనడగడం లేదు. దానికి వందల ఎకరాలూ, తారూ, గ్యాలరీలూ, ఏటేటా బయటివాళ్లకు ఫీజూ కావాలి. ఎండ పరీక్షకు కావలసింది అందులో ఒక మూల: రెండు మూడు కిలోమీటర్ల తిన్నని రోడ్డు, రేడియేటర్‌నూ బ్యాటరీనీ వేడిగాలిలో పెట్టి కొలిచే గది, సెన్సర్లు, వాటిని చదవగలిగిన నలుగురు అధ్యాపకులు. లారీ తయారీదారు, ఈ-ఆటో తయారీదారు, కియా ఎవరైనా ఏప్రిల్ నుంచి జూన్ వరకు బండి తెచ్చి పరీక్ష చేసుకుని డబ్బు కట్టి పోవచ్చు. ఫార్ములా భారత్ పోటీలకు సొంతంగా కారు కట్టే విద్యార్థి జట్లు కోయంబత్తూరులోని కరి ట్రాకుకు వెళ్లేముందు తమ కారును ఇక్కడ ఓ పూట కాచి చూసుకోవచ్చు. బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు పెట్టే పని రాష్ట్ర ప్రభుత్వానిది, మొదటి ప్రతిపాదన రాయాల్సింది జేఎన్‌టీయూ మెకానికల్ విభాగం.