ఆకాశం అటకెక్కకూడదు!

దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. గుమ్మటం కింద చీకటి కమ్ముకుంటుంది. మరుక్షణం నెత్తిన వేలకొద్దీ చుక్కలు! ప్లానెటేరియానికి వెళ్లినవాళ్లందరికీ తెలిసిన అనుభవమే ఇది. అయితే, అందరూ తలెత్తి చుక్కల్నే చూస్తారు. హాలు మధ్యలో నిలబడి వాటిని పూయిస్తున్న యంత్రాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఆ యంత్రం పుట్టిల్లు జర్మనీ. మ్యూనిక్‌లోని మ్యూజియం కోసం జైస్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ దాన్ని రూపొందించారు. 1923 అక్టోబరులో తొలిసారి 4,500 నక్షత్రాలతో ఆకాశాన్ని చూపించారు. అదీ మ్యూనిక్‌లో కనిపించే ఆకాశాన్ని మాత్రమే. తర్వాత వచ్చిన రెండో నమూనా భూమ్మీద ఏ ఊరి ఆకాశాన్నైనా చూపగలిగింది. రెండు పెద్ద గుండ్లను కలిపిన డంబెల్‌లా ఉంటుందది. ఒక గుండులో ఉత్తరాకాశం, రెండోదాంట్లో దక్షిణాకాశం. లోపలి బల్బు వెలుగు సన్నటి రంధ్రాల్లోంచి, కటకాల్లోంచి బయటికొచ్చి చుక్కలవుతుంది. అన్నట్టు, ఈ కటకాలకు రెప్పలు కూడా ఉంటాయి! చుక్క దిగంతం దాటి కిందికి దిగగానే రెప్ప తన బరువుతోనే మూసుకుంటుంది. లేదంటే ఆ వెలుగు ప్రేక్షకుల మొహాన పడుతుంది మరి.

కంప్యూటర్లు వచ్చాక ఈ యంత్రాలకు కాలం చెల్లుతోంది. ముంబయి నెహ్రూ ప్లానెటేరియంలో 1977 నుంచి పనిచేసిన జైస్ యంత్రం స్థానంలో 2003లో డిజిటల్ ప్రొజెక్టర్ వచ్చింది. మంచిదే. శనిగ్రహ వలయాల మధ్యకు మనల్ని తీసుకెళ్లడం పాత యంత్రం వల్ల అయ్యే పని కాదు.

కానీ పాతదానికే సాధ్యమైన పాఠం ఒకటుంది. 'కుజుడు వక్రించాడు' అని పంచాంగంలో చదువుతుంటాం. ముందుకు నడిచే గ్రహం వెనక్కెందుకు వెళ్తున్నట్టుంటుంది? యంత్రంలో భూమికో చక్రం, కుజుడికో చక్రం, రెంటినీ కలుపుతూ ఓ కడ్డీ ఉంటాయి. కడ్డీ ఎటు చూపితే గుమ్మటం మీద కుజుడు అటు కనిపిస్తాడు. వేగంగా తిరిగే భూమి కుజుణ్ని దాటేటప్పుడు కడ్డీ కాసేపు వెనక్కి తిరుగుతుంది. అంతే, వక్రగతి అంటే అదే! కంప్యూటర్ ఫలితాన్ని తెరమీద చూపిస్తుంది. ఈ యంత్రం కారణాన్నే కళ్లముందు పెడుతుంది.

అందుకే కొన్ని ఊళ్లు వీటిని వదులుకోలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1939లో బూల్ ప్లానెటేరియం జైస్ రెండో నమూనాతోనే మొదలైంది. కొత్త సైన్స్ కేంద్రం వచ్చాక పాత భవనం మూతపడింది. 2002లో యంత్రాన్ని భాగాలుగా విప్పేశారు. మళ్లీ బిగించి, సైన్స్ కేంద్రంలో జనం ముందు నిలబెట్టేసరికి 2010 వచ్చింది. జపాన్‌లోని అకాషి నగరం ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడి జర్మన్ యంత్రం 1960లో పని మొదలెట్టింది. 1995 నాటి పెనుభూకంపాన్ని తట్టుకుంది. 1998లో మళ్లీ తలుపులు తెరిచాక అదే యంత్రం చుక్కల్ని చూపించింది. అరవయ్యేళ్లు దాటినా విశ్రాంతి తీసుకోలేదు.

అద్దాల వెనక పెట్టినా, నడుపుతూ ఉన్నా మేలే. ముక్కలు చేసి పాత ఇనుము కింద తూకానికి వేస్తేనే నష్టం. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఏ మరను ఎంత బిగించాలో, ఏ చప్పుడొస్తే ఏ చక్రం అరిగినట్టో దాన్ని నడిపినవాళ్లకే తెలుసు. వాళ్లు రిటైరయ్యేలోపే ఆ విద్యను రాసి, వీడియో తీసి పెట్టుకోవాలి. లేకపోతే మిగిలేది బొమ్మే.

హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం 1985లో మొదలైంది. స్కూలు విహారయాత్రలో అక్కడే తొలిసారి సప్తర్షుల్ని గుర్తుపట్టినవాళ్లు మన ఇళ్లలో ఎందరో! ఏ ఊళ్లోనైనా పాత ప్రొజెక్టర్‌ను దించేటప్పుడు దానికి ఓ మూల చోటివ్వాలి. పక్కన తెలుగులో ఓ బోర్డు, పిల్లలు తిప్పడానికి కుజుడి చక్రాల చిన్న నమూనా ఉంటే చాలు. వక్రగతి అంటే ఏంటో ఆ పిల్లలే ఇంటికొచ్చి తాతయ్యకు చెబుతారు.