ఈ ట్రిప్‌కు స్కూలు బస్సు వద్దు



కొత్త విద్యాసంవత్సరం మొదలైంది. యూనిఫాంలు, పుస్తకాలు, బస్సు రూట్లు ఒక కొలిక్కి వచ్చాక జరిగే మొదటి పేరెంట్స్ మీటింగ్‌లో ఏటా వినిపించే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఈసారి ఫీల్డ్ ట్రిప్ ఎక్కడికి? నేర్చుకునేది ఏమైనా ఉంటుందా, ఊరికే తిరిగి రావడమేనా?" న్యాయమైన ప్రశ్నే. ట్రిప్‌కు డబ్బు కట్టేది మీరు, అడిగే హక్కు మీకుంది. స్కూలు తీసుకెళ్లాల్సిన చోట్లు చాలానే ఉన్నాయి, తీసుకెళ్తాం కూడా. కానీ ఒక రకం ట్రిప్ మాత్రం మేము వేయకూడదని, అది మీ ఇంటి నుంచే బయలుదేరాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ముందు మిమ్మల్ని కాసేపు లండన్ తీసుకెళ్తాను. మీలో కొందరికి అక్కడ అన్నదమ్ములో, అక్కచెల్లెళ్లో ఉన్నారు కాబట్టి అది మరీ పరాయి ఊరేం కాదు.

లండన్‌లో థేమ్స్ నది పక్కన గ్రీనిచ్ అనే ప్రాంతం ఉంది. సోషల్ పుస్తకంలో సున్నా డిగ్రీల రేఖాంశం చదివిన పిల్లలందరికీ ఆ పేరు తెలుసు. అక్కడే నేషనల్ మారిటైమ్ మ్యూజియం ఉంది. 1934లో చట్టం చేసి ఏర్పాటు చేశారు, 1937లో తలుపులు తెరిచారు. ఓడలు, నావికులు, సముద్ర ప్రయాణాల చరిత్రంతా అందులో ఉంటుంది. ప్రత్యేక ప్రదర్శనలకు టికెట్ ఉన్నా, శాశ్వత గ్యాలరీలు చూడడానికి ఒక్క పైసా కట్టనక్కర్లేదు.

జూన్ 8 ప్రపంచ సముద్ర దినోత్సవం. 1992లో రియో సదస్సు సమయంలో కెనడా ఈ ప్రతిపాదన చేసింది. ఐక్యరాజ్యసమితి 2009 నుంచి అధికారికంగా జరుపుతోంది. ఈ దినోత్సవం పేరు మీద ఇలాంటి మ్యూజియాల్లో కుటుంబాల కోసం ఉచితంగా సముద్రపు పండుగలు జరుగుతుంటాయి. కథలు చెప్పేవాళ్లు ఒక మూల, కాగితంతోనో పాత వస్తువులతోనో చేపలు, తాబేళ్లు చేయించేవాళ్లు ఇంకో మూల, సముద్రం మీద పరిశోధన చేసేవాళ్లు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతూ మరో మూల. తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు, చంకలో పసిపిల్లలు అందరూ కలిసే వస్తారు. ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. ఫస్ట్, సెకండ్, థర్డ్ ఉండవు.

గ్రీనిచ్ మ్యూజియంలో నేల మీద పరిచిన పెద్ద ప్రపంచ పటం ఉంది. పిల్లలు దాని మీద నడుస్తూ ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి వెళ్లిపోవచ్చు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో చనిపోయిన నెల్సన్ అనే నౌకాదళ అధిపతి ఆ రోజు తొడుక్కున్న కోటు ఒక అద్దాల పెట్టెలో ఉంటుంది. ఎడమ భుజం దగ్గర తూటా దూరిన రంధ్రం ఇప్పటికీ కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ ఆసియాలో చేసిన వ్యాపారం మీద ఒక గ్యాలరీ ఉంది. ఆ కంపెనీ 1611లోనే మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. తెలుగు నేత వస్త్రాలు ఓడలెక్కి వెళ్లిన సముద్రం కథ అక్కడ చెబుతున్నారంటే అది మన కథ కూడా.

ఇంత ఉన్న చోట మనలాంటి తల్లిదండ్రులకు ముందుగా వచ్చే సందేహం ఏమిటో నాకు తెలుసు. ఉచితమంటే అందులో ఏముంటుందిలే అని. మన దగ్గర 'ఫ్రీ' అనే మాటకు మర్యాద తక్కువ. ఎక్కువ ఫీజు అంటే ఎక్కువ చదువు అనే లెక్క మన మనసుల్లో స్థిరపడింది. ఫీజు తీసుకునే స్కూల్లో పనిచేస్తూ ఈ మాట అనడం విచిత్రంగా ఉండొచ్చు. కానీ ఉచితం వల్ల పిల్లలకు దొరికే ఒక లాభం డబ్బు కడితే దొరకదని నా నమ్మకం.

టికెట్ కొని లోపలికి వెళ్లినప్పుడు మనం ఏం చేస్తాం? మనిషికి ఇంతని కట్టాం కాబట్టి అన్నీ చూసి తీరాలనుకుంటాం. పాప ఒక ఓడ బొమ్మ దగ్గర ఆగి దాని తాళ్లు లెక్కపెడుతుంటే "పద పద, ఇంకా పై అంతస్తు ఉంది" అని చెయ్యి పట్టి లాగుతాం. టికెట్ లేని చోట ఆ తొందర ఉండదు. ఆ ఒక్క ఓడ దగ్గరే అరగంట నిలబడి ఇంటికొచ్చేసినా ఏమీ పోదు, మళ్లీ వారం వెళ్లొచ్చు. పిల్లల్లో కుతూహలం పుట్టేది ఆ అరగంటలోనే. అక్కడ ఏ పిల్ల ఏ స్కూలో, ఎవరి ఫీజు ఎంతో పక్కవాళ్లకు తెలియదు. మన పిల్లలు అలాంటి చోట అందరితో కలిసి నిలబడడం కూడా చదువే.

ఇక స్కూలు ట్రిప్ సంగతి చూద్దాం. బస్సులో 40 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఒక ఆయా. నా కళ్లు ప్రదర్శన మీద ఉండవు, తలల లెక్క మీద ఉంటాయి. 12 గంటలకు లంచ్, 3 గంటలకు బస్సు. ఎవరైనా ఒకచోట ఎక్కువసేపు ఆగితే వరుస మొత్తం ఆగిపోతుంది. ఇది ఎవరి తప్పూ కాదు. 40 మందిని క్షేమంగా తెచ్చి మీకు అప్పగించాలంటే ఇలాగే ఉండాలి. అందుకే ఆ లండన్ పండుగలో 'కుటుంబం' అన్న మాట నాకు ముఖ్యంగా తోచింది. అక్కడికి పిల్లల్ని తీసుకొచ్చేది టీచర్ కాదు, ఇంట్లోవాళ్లు. వాళ్లు కాపలా కాయడానికి రారు, పిల్లల పక్కన నిలబడి తామూ చూడడానికి వస్తారు.

"అది లండన్ మేడమ్, మనకు అలాంటి మ్యూజియం ఎక్కడుంది?" అని మీరు అడగొచ్చు. అంత పెద్ద సముద్ర మ్యూజియం, అదీ ఉచితంగా, మనకు లేదన్నది నిజమే. ఉండాలని మనం కోరుకోవాలి, అడగాలి కూడా. కానీ ఉన్నదాన్ని ఎంత వాడుకుంటున్నాం?

విశాఖ బీచ్ రోడ్డులో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకుంది. 2002 నుంచి మ్యూజియంగా ఇసుక మీద నిలబడింది. దీనికి టికెట్ ఉంది. కానీ బయటకు రాగానే ఎదురుగా కనిపించే బంగాళాఖాతానికి టికెట్ లేదు. ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది. మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్తాయి. మన దేశ సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు చేరువలోనే వెళ్తుంది. గ్రీనిచ్ నుంచి లెక్కపెట్టే అంకెల్లో అదొకటి.

హైదరాబాద్ బ్రాంచిల తల్లిదండ్రులు మాకు సముద్రమే లేదనుకోవద్దు. ప్రగతినగర్ వైపు ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. హిందూ మహాసముద్రంలో భూకంపం వస్తే సునామీ ముప్పు ఉందో లేదో చెప్పే కేంద్రం 2007 నుంచి అక్కడే పనిచేస్తోంది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ తర్వాత ఏర్పాటు చేసింది అది. ఉపగ్రహాలు పంపే సముద్రపు ఉష్ణోగ్రత, నీటిలోని పత్రహరితం వివరాలు చూసి చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు చెప్పేది కూడా ఆ సంస్థే. ఏడో తరగతిలో కిరణజన్య సంయోగక్రియ బట్టీ పట్టే పిల్లవాడికి, అదే పత్రహరితం ఒక మరపడవకు దారి చూపిస్తుందని ఆ గేటు ముందు కారాపి చెప్పి చూడండి.

మీరు మాత్రమే ఇవ్వగలిగినవి ఇంకా ఉన్నాయి. ఇంగ్లిష్ టీచర్‌గా చెబుతున్నాను, మా పిల్లలకు యాంకర్, సెయిల్, రడ్డర్ అనే మాటలు వచ్చు. లంగరు, తెరచాప, చుక్కాని అంటే చాలామంది బిక్కమొహం వేస్తారు. ఆ మాటలు నా సిలబస్‌లో లేవు, మీ అమ్మానాన్నల నోట్లో ఉన్నాయి. సముద్రంలో ఇలసగా తిరిగే చేప గుడ్లు పెట్టడానికి వరద గోదావరిలోకి ఎదురీది వచ్చి పులస అవుతుందని గోదావరి జిల్లాల అమ్మమ్మ ఎవరైనా చెబుతారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత కూడా కలిపి చెబుతారు. పాఠంలో వలస అనే ఒక్క మాటగా ఉన్నది ఆవిడ వంటింట్లో పెద్ద కథ. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. దాన్ని గుర్తుంచుకున్న తాతయ్యలు కృష్ణా, గుంటూరు వైపు ఇప్పటికీ ఉన్నారు. సముద్రాన్ని ప్రేమించడం, దానికి భయపడడం రెండూ వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. ఆ తాతయ్యల్ని నేను బస్సులో ఎక్కించుకుని తీసుకెళ్లలేను.

టైమ్ ఎక్కడుంది అంటారా? ఈ లెక్క ఒకసారి చూడండి. ఆరో తరగతి నుంచి పదో తరగతి పూర్తయ్యేదాకా ఐదేళ్లు, అంటే 260 ఆదివారాలు. పది తర్వాత మన పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్‌కు హాస్టళ్లకు వెళ్లిపోతారు. ఆ 260లో ఫౌండేషన్ క్లాసులు, ఒలింపియాడ్‌లు, పరీక్షల ముందు వారాలు, పెళ్లిళ్లు, పేరంటాలు తీసేయండి. మీరూ మీ పాపా కలిసి తీరిగ్గా నడిచే ఆదివారాలు ఎన్ని మిగులుతాయో మీకే తెలుస్తుంది. నేను అడుగుతున్నది ఏడాదికి రెండు. ర్యాంకుకు అవి అడ్డం రావు.

వెళ్లేటప్పుడు మూడు చిన్న విషయాలు. ఒకటి, బోర్డు మీద రాసిందంతా మీరే చదివి వినిపించకండి. పిల్లలు దేని దగ్గర ఆగుతారో గమనించి మీరూ అక్కడే ఆగండి. రెండు, వాళ్లు అడిగింది మీకు తెలియకపోతే "నాకూ తెలియదు, కనుక్కుందాం" అనండి. అమ్మానాన్నలు అలా అనగా వినని పిల్లలు క్లాసులో చెయ్యెత్తి తెలియదని చెప్పడానికి భయపడతారు, ఇది నేను రోజూ చూస్తున్నాను. మూడు, తిరుగు ప్రయాణంలో "ఏం నేర్చుకున్నావు? చెప్పు" అని పరీక్ష పెట్టకండి. ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయించకండి, ప్రింట్లు తీసి ఫైలు కట్టకండి. నేను అడగను.

సోమవారం క్లాసులో నేను అడిగేది ఒక్కటే ఉంటుంది: "అక్కడ చూసినవాటిలో నీకు అర్థం కానిది ఏమిటి?" జవాబు నాకు తెలియకపోతే అందరం కలిసి సైన్స్ మేడమ్ దగ్గరికి వెళ్తాం.

మీ ఆదివారం ఏదో ఖరారయ్యాక పిల్లల డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి. ఆ వారాంతం నా సబ్జెక్ట్ హోంవర్క్ వాళ్లకు ఉండదు.