రౌతుకొద్దీ గుఱ్ఱము

"రౌతుకొద్దీ గుఱ్ఱము" అను సామెతను మనవారు యజమాని నౌకరుల విషయమున తఱచుగా వాడుదురు గాని, అసలు గుఱ్ఱము సంగతి మఱచిపోయిరి. ఏబదియేండ్లు దాటి జీను నెక్కగోరువారికి ఈ మాట అక్షరాల వర్తించును.

మన యిండ్లలో పెద్దవారెవరైన స్వారి నేర్చుకొందుమనగానే "ఈ వయసున ఇదేమి వేడుక?" అని పిల్లలు మందలింతురు. వారి భయము వట్టిది కాదు. వయసు మీరినపుడు విఱిగిన యెముక త్వరగా అతుకదు. వ్యాపారినగుటచే నష్టమును ముందుగా లెక్కించుట నాకును అలవాటే. కాని లెక్కలో రెండవ వైపును చూడవలదా?

జపాను దేశీయుడగు హిరోషి హోకెత్సు 1964 టోక్యో ఒలింపిక్సులో గుఱ్ఱముచే అడ్డంకులు దాటించు పోటీలో పాల్గొనెను. మరల 2012లో లండనునందు, తన 71వ యేట, విస్పర్ అను ఆడుగుఱ్ఱముపై డ్రెస్సాజి పోటీకి దిగెను. ఇది కండబలముతో సాగు విద్య కాదు; రౌతు చేయు సైగ చూపరులకు కనబడరాదు. అమెరికాలో 1913లో జన్మించిన శాలీ స్విఫ్టుకు బాల్యమునుండియు వెన్నెముక వంకర. తన దేహమును తానెఱుగుటకు ఆమె పడిన శ్రమయే విద్యగా మాఱి, 1985లో "సెంటర్డ్ రైడింగ్" అను గ్రంథమైనది. చూపును ఒక్కచోట గ్రుచ్చక విశాలముగా నుంచుట, శ్వాసను కడుపులోతునకు విడుచుట, నాభికి దిగువ బరువును నిలుపుట, పాదములపై తుంటిని, తుంటిపై భుజములను, భుజములపై తలను ఇటుకలవలె పేర్చుకొనుట: ఆమె బోధించినది ఇదియే.

నేను నలువది దాటిన పిదప తొలిసారి యెక్కినపుడు ఊపిరి బిగబట్టి, కాళ్లతో గుఱ్ఱమును గట్టిగా అదిమితిని. అది వేగము హెచ్చించెను. నేను మఱింత అదిమితిని, అది మఱింత పరుగిడెను. గుఱ్ఱము పొగరుబోతని నేను దూషించితిని. నేర్పువాడు నవ్వి, "అయ్యా, కాలితో అదిమిన పొమ్మని అర్థము. ముందు ఊపిరి విడువుడు" అనెను. విడిచితిని. నడుము దిగెను, గుఱ్ఱము నడకకు వచ్చెను. చర్మముపై వ్రాలిన ఈగను సైతము ఎఱుగు జంతువునకు మన తొడబిగువు తెలియకుండునా!

మనోధైర్యమనగా పడననుకొనుట కాదు. "నేడు నడక చాలును, పది చుట్లు చాలును" అని నిశ్చయించుకొని సంతోషముతో దిగుట. ఎత్తుపీటపైనుండి యెక్కుట సిగ్గు కాదు. మన మోకాలికిని గుఱ్ఱపు వీపునకును అది మేలు. తలకు గట్టి టోపీ, సాధువైన గుఱ్ఱము, ముందుగా వైద్యుని సలహా తప్పనిసరి. తల తిరిగిన దినమున ఎక్కనే రాదు.

తండ్రిని మైదానమునకు తోడ్కొనిపోవు కుమారులకు ఒక్క మనవి. కంచెవద్ద నిలిచి "జాగ్రత్త, జాగ్రత్త" అని అఱవకుడు. ఆ కేకకు ఆయన భుజములు బిగియును, ఆ బిగువు పగ్గముల గుండ దిగి గుఱ్ఱపు నోటికి తాకును. ఆయన దిగిన పిమ్మట, ఏ తుంటిపై బరువు ఎక్కువగా పడినదో నెమ్మదిగా అడుగుడు.