రాగిసంగటికి సిగ్గేల?

మధ్యాహ్న విరామవేళ మా తరగతిలో ఒక బాలుడు గిన్నెమూత చాటున దాచుకొని తినుచుండగా చూచితిమి. లోన రాగిసంగటి. ఏల దాచుచున్నావని యడిగితిమి. "అందరూ నగుతారు సార్" అనినాడు.

ఆ నగుబాటు మన యిండ్లలోనే పుట్టినది. సంగటి కూలివాని కూడనియు, తెల్లని అన్నమే గౌరవమనియు తలచు తల్లిదండ్రులు హోసూరున తక్కువ కారు. కృష్ణగిరి మెట్టచేలలో వానకు పండు ధాన్యమిది. మన సంగటి, తమిళుల కళి, కన్నడిగుల ముద్దె: మూడు భాషలవారి పళ్లెమున వస్తువొక్కటే. 100 గ్రాముల రాగులలో ఎముకకు వలయు కాల్షియము 340 మిల్లీగ్రాములకు పైగా కలదు. ఆవుపాలలో అది సుమారు 120. మరపట్టిన బియ్యమున 10కి మించదు. రాగులలోని దంతయు దేహమునకు పట్టదనుట నిజమే. అందలి ఫైటిక్ ఆమ్లము కొంత అడ్డగించును. మొలకెత్తించి, ఎండబెట్టి విసరినచో ఆ యడ్డంకి తగ్గును.

మన సీమకు ఇది మరింత ముఖ్యము. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో పలుచోట్ల గొట్టపుబావుల నీట ఫ్లోరైడు అధికము. అది దంతములకు మచ్చలు తెచ్చి, ఏండ్లు గడచిన కొలది ఎముకలను, కీళ్లను బిగదీయును. 2013లో హొగేనకల్ మంచినీటి పథకము ఆరంభమైనది ఇందుకొరకే. కాల్షియము కొరవడిన బాలలకు ఫ్లోరైడు మరింత కీడు చేయును.

తిన్న కాల్షియము ప్రేగులనుండి రక్తమున చేరుటకు డి విటమిను వలయును. అది ఎండ సోకిన చర్మమున పుట్టును. ఉదయపు నీరెండయే మేలని పలువురందురు గాని, మన నీడ మనకంటె పొట్టిగా నుండు వేళనే ఆ కిరణములు చక్కగా అందును. కిటికీ అద్దము వానిని రానీయదు. ఆటల పిరియడును పాఠములకు లాగుకొను మావంటి ఉపాధ్యాయులకును ఈ తప్పులో పాలు కలదు.

మేము శిక్షణ పొందిన పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశ్ లో 2023 మార్చిలో ప్రభుత్వ పాఠశాలల బాలలకు వారమునకు మూడు దినములు రాగిజావ నీయ నారంభించిరి. రాగులు పండించు మన జిల్లాలో బడిభోజనమున వారమునకు ఒకమారైనను సంగటి పెట్టుమని రాబోవు తల్లిదండ్రుల సభలో అడుగవలెనని మా కోరిక. అడుగువారు ఆ దినమున తమ బిడ్డల గిన్నెలలో ఏమి పెట్టి పంపితిరో కూడ చెప్పవలెను.